మాస్టారి వ్యానుకు కొట్టిన వార్నిష్

2004లో తాడేపల్లిగూడెంలో నాకు వ్యాన్ బాడీలు కట్టే షెడ్డు ఉండేది. ఓ రోజు పెంటపాడు నుంచి ఏసురత్నం మాస్టారు పాత వ్యాను తోలుకొచ్చారు. ఆయన రిటైరయ్యారు, భార్య పోయి అప్పటికి మూడేళ్ళు, పిల్లలు లేరు. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ళలో తన దగ్గర చదువుకున్నవాళ్ళున్నారట. ఒకరింట్లో దిగి ఇబ్బంది పెట్టకుండా, నెలకో ఊరి గట్టున ఆగి ఉండేలా లోపల మంచం, అరలు, వంటగట్టు కావాలన్నారు.

"ప్లైవుడ్ మాత్రం వద్దండీ. నాకు ఉబ్బసం, జిగురు వాసన పడదు," అన్నారు ముందే.

నిజమే. ప్లైవుడ్ పొరలను అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం ఉంటుంది. ఎండకు బండి రేకు కాగితే ఆ ఘాటంతా లోపలే నిండుతుంది. అందుకని బాగా ఆరిన పాత వేపచెక్క వెతికి తెచ్చాను. ఇన్సులేషన్‌కి, అంటే వేడిని ఆపే పొరకి, థర్మోకోల్ బదులు కొబ్బరిపీచు కూరాను. గోడలకు కొల్లేటి తుంగచాపలు ఆనించి, జిగురు లేకుండా పైన చెక్క బద్దెలు పెట్టి స్క్రూలు బిగించాను.

అంతా అయ్యాక చూస్తే నాకేదో వెలితి. మా షెడ్డు నుంచి ఏ బండీ మెరవకుండా బయటికి పోలేదు. మాస్టారి మీద గౌరవం కొద్దీ, ఆయన అడక్కపోయినా, చెక్కకీ చాపలకీ వార్నిష్ కొట్టేసి రెండు రోజులు ఆరబెట్టాను. జిగురు మానేసి వార్నిష్ పట్టుకున్నాను, నా తెలివి అలా తెల్లారింది.

మాస్టారొచ్చి లోపలికెక్కి తలుపేసుకున్నారు. ఐదు నిమిషాలు కాకుండానే దగ్గు వినిపించింది. పరుగెత్తి తలుపు లాగితే, లోపలి పిడి దొరక్క గోడంతా తడుముతున్నారు. కిందికి దించి, ఆయన జేబులోని ఇన్‌హేలర్ తీసి అందించాను.

ఊపిరి కుదుటపడ్డాక కూడా ఆయన కోప్పడలేదు.

"ఇవాళ మీరున్నారు, తీశారు. గట్టు మీద తలుపు తీయడానికి నాకెవరుంటారండీ, సూరిబాబు గారూ?"

సిగ్గుతో తలెత్తలేకపోయాను. చాపలన్నీ పీకి కొత్తవి వేశాను. చెక్కంతా చిత్రిక పట్టి వార్నిష్ తీసేశాను. ఈసారి మిట్టమధ్యాహ్నం ఆయనతోపాటు నేనూ లోపల కూర్చుని తలుపులు మూశాను. గంట గడిచినా తుంగ వాసన తప్ప మరేమీ లేదు.

"ఊపిరి బాగానే ఆడుతోందండీ," అన్నారు మాస్టారు. నేను లేవబోతుంటే, "ఇంకాసేపు కూర్చుంటారా? నా పక్కన ఇంతసేపు ఎవరైనా కూర్చుని మూడేళ్ళయింది," అన్నారు.

పొద్దువాలేదాకా కూర్చున్నాను.

అప్పటినుంచి ఏ చెక్క కావాలని అడిగేముందు, బండిలో ఎవరెవరు ఉంటారని అడుగుతున్నాను. "నేనొక్కణ్ణేనండీ" అన్నవాళ్ళకు బండి ఇచ్చే రోజు ఇంకే పనీ పెట్టుకోను.