ప్రెసిడెంటు లేని ట్రస్టు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతలు కొండంతలు చేసే రకం. అమెరికాలో మా ఊరు నోవైలో మంచు కారు చక్రాలదాకా పడితే ఇంటికప్పు దాకా అని రాస్తాను. మీరే కాస్త తగ్గించుకుని చదువుకోండి.

ఎనభైల మొదట్లో మాట. మా స్నేహితుడి భార్య మత్తుమందు డాక్టరు, మా అందరికీ వదినగారు. వాళ్లక్క కాన్పయ్యాక మంచం దొరక్క, ఇండియాలో వాళ్ల ఊరి ఆస్పత్రి వరండాలో చలికి పడుకుని, అక్కడే పోయింది. ఆ ఆస్పత్రిలో బాలింతలకి వార్డు కట్టించాలి, తన తర్వాత కూడా అది నడవాలి. అదీ వదినగారి పట్టుదల. "కాస్త సాయం పట్టండి అన్నయ్యగారూ" అంటే ఆవిడ బేస్‌మెంటులో నూటపదహారు మందిమి చేరాం. తగ్గించుకుంటే, ఎనిమిదిమంది మగాళ్లం.

సలహాకి పిలిచిన లాయరు తెల్లాయన. మా ఇళ్లల్లో అతిథి తినకుండా మాట మొదలవదు కనక ముందు పెసరట్టు పెట్టాం. అల్లప్పచ్చడికి ఆయన కళ్లల్లో హ్యూరాన్ సరస్సు పొంగింది. తుడుచుకుంటూనే చెప్పుకొచ్చాడు: ట్రస్టు పెట్టొచ్చు, లాభాపేక్ష లేని కార్పొరేషన్ పెట్టొచ్చు, రెండూ కాకుండా ఉత్త సంఘంగానూ ఉండొచ్చు. ఏది పెట్టినా పన్ను మినహాయింపుకి వేరే దరఖాస్తు. నా బుర్ర పిండి రుబ్బే గ్రైండరయింది.

మాలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరు అడిగాడు. "ట్రస్టుకి ప్రెసిడెంటు ఎవరు?"

"అక్కర్లేదు. ధర్మకర్తలు చాలు."

"పోనీ, వైస్ ప్రెసిడెంటు?"

"అదీ అక్కర్లేదు."

ప్రొఫెసరు చావుకబురు విన్నవాడిలా తల పట్టుకుని, మళ్లీ తలెత్తాడు.

"మరి కార్పొరేషన్‌లోనో?"

"ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరరు. వైస్ ప్రెసిడెంట్లు ఎంతమందైనా."

అంతే, ఎనిమిదిమందిమీ కార్పొరేషన్ భక్తులమైపోయాం.

"ప్రొఫెసరుగారూ, మొన్న మన పిక్నిక్‌కి ప్రెసిడెంటు పదవి మీకే ఇచ్చాం కదండీ!" అన్నాడు మాలో ఒకడు.

"అదీ ఒక పదవేనా? పులిహోర వడ్డించడంతోనే సరిపోయింది!"

అప్పుడు వదినగారు లాయరుని అడిగారు. "నేను పోయాక వీళ్లంతా ఓటేసుకుని వార్డు మానేసి ఇంకోటి చెయ్యొచ్చా?"

"కార్పొరేషనైతే బోర్డు ఓటేసి ఆశయం మార్చుకునే వీలుంటుంది. ట్రస్టులో మీరు రాసింది మార్చడం కష్టం. కోర్టుకెక్కాలి."

వదినగారు మావైపు తిరిగారు. "పదవులు మీవి, అక్క నాది. ట్రస్టే పెడుతున్నాను."

మెట్లెక్కుతూ ప్రొఫెసరు నా చెవిలో గొణిగాడు. "ధర్మకర్తల్లో పెద్ద ధర్మకర్త అని ఒకరుండకూడదంటావా?"

ఇందులో నేను కల్పించింది 'పదవులు మీవి, అక్క నాది' అన్న వదినగారి పెద్ద మాటే. నిజానికి ఆవిడ మావైపు చూడనైనా లేదు. లాయరుతో "ట్రస్ట్" అని ఒక్క ముక్క చెప్పి, కాఫీ పెట్టడానికి పైకి వెళ్లిపోయారు. ఆ ఒక్క ముక్కకి ఎనిమిదిమందిమీ ట్రస్టుకి ఎందుకు తలూపేశామో నాకు ఈనాటికీ అంతు పట్టలేదు.