గంటె పట్టించిన సారు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో మా నెల్లికుదురు ఫుట్‌బాల్ జట్టుకు ఉన్నది ఒక్కటే బంతి, దానికీ రెండు అతుకులు. కోచ్ అంటే మా కాలేజీ పీఈటీ సారే. ఆయన మమ్మల్ని గ్రౌండులో కంటే రోడ్డు మీదే ఎక్కువ పరీక్షించాడు. బంద్ పిలుపు వచ్చిందంటే వంటావార్పు ఉండేది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండడం, అక్కడే వరుసగా కూర్చుని తినడం. వడ్డన మా జట్టుదేనని సారు హుకుం.

నేను గోల్స్ కొట్టేవాణ్ని. దాచుకోవడం దేనికి, పొగరు కూడా ఉండేది. మొదటిసారి గంటె చేతికిచ్చినప్పుడు ముఖం మాడ్చుకున్నాను.

"గోల్ కొట్టెటోన్ని, నాకెందుకు సార్ గీ పని?"

"ఎవని పళ్లెంల అన్నం అయిపోయిందో చూసుకుంట పో. గది చాతనైతే గ్రౌండ్ల ఎవడు ఖాళీగున్నడో గూడ కనబడ్తది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ మంట మీద ఉండగానే మానుకోటలో ఒక కాంట్రాక్టర్ జట్టు పెట్టి నన్ను పిలిచాడు. కొత్త బూట్లు, జెర్సీలు, ఆట రోజు బిర్యానీ. వెళ్తానని చెప్తే సారు ఆపలేదు.

"పో బిడ్డా. కొత్త బూట్లు గద, నాలుగు రోజులు ముందుగాల తొడుక్కొని తిరుగు. లేకుంటె పొక్కులొస్తయి."

నేను వింటానా? పండక్కి తప్ప కొత్త బట్ట మడత విప్పని ఇల్లు మాది. బూట్లకు మట్టి అంటడానికి మనసొప్పక డబ్బాలోనే దాచి, టోర్నమెంటు ఫైనల్ రోజు తీశాను. ఎదుటి జట్టు మా నెల్లికుదురు వాళ్లే, సగం మంది వట్టి కాళ్లతో.

పావుగంటకే మడమలు మండిపోయాయి. పక్కన ఖాళీగా ఉన్నవాడు అరుస్తున్నా పాస్ ఇవ్వకుండా నేనే కొట్టాను. బంతి బయటికి పోయింది. షామియానా కింద కుర్చీలోంచి కాంట్రాక్టర్ "తీసెయ్ వాన్ని, ఇంకొకన్ని దింపు!" అని కేకేశాడు. నా తర్వాత ఇంకో ఇద్దరిని అలాగే తీసేశాడు. ఇక కాంట్రాక్టర్ జట్టులో బంతి ముట్టుకోవాలంటేనే అందరికీ భయం.

అవతల, బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చే డిఫెండర్ జారిపడి గోల్ ఇచ్చాడు. సారు అతణ్ని తీయలేదు.

"ఏం కాలె, నీ జాగ ఇడువకు," అన్నాడంతే.

చివర్లో ఆ డిఫెండరే తల ఎత్తి చూసి ఇచ్చిన పాస్‌తో మావాళ్లు గెలిచారు. ఓడిపోయిన జెర్సీలో కూర్చుని సంతోషపడ్డాను. సిగ్గు కూడా వేసింది.

తర్వాతి బంద్ నాడు చెప్పులు కూడా పట్టని కాళ్లతో వంటావార్పుకు వెళ్లాను. మళ్లీ జట్టులోకి తీసుకొమ్మని అడగాలని. నేను అడిగేలోపే సారు గంటె చేతిలో పెట్టాడు. ఈసారి పళ్లేలు చూస్తూ తిరిగాను. ఎవరితోనూ అడిగించుకోలేదు. అందరికీ పెట్టి నేను కూర్చునేసరికి గంజులో మిగిలింది అడుగంటిన మాడే. సారు లేచి వచ్చి, అప్పటిదాకా ముట్టకుండా పెట్టుకున్న తన పళ్లెంలోంచి సగం అన్నం నా పళ్లెంలోకి తోశాడు.

"పొక్కులు మానినంక ప్రాక్టీసుకు రా," అన్నాడు. "బూట్లు గూడ తెచ్చుకో. పాపం, అవేం జేసినయ్?"