చిన్నమ్మ రాసిన యూరపు చరిత్ర

పోయిన నెల మా మనవరాలు గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటూ, హనుమకొండ కోచింగ్ సెంటర్లో ఇచ్చిన జిరాక్స్ కాగితాల కట్ట ముందేసుకుని పైకి చదువుతోంది. పంతొమ్మిదో శతాబ్దపు యూరపు. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. "రైలు వచ్చి ఊళ్ళను దగ్గర చేసింది, ఇంటి మనిషిని ఇంటికి దూరం చేసింది" అని చదివి ఆగింది. "ఎంత బాగుంది తాతయ్యా! ఇది మీ పాత పుస్తకంలదేనట కదా, మా సార్ చెప్పిండు" అంది. నేను "ఊఁ" అన్నాను. ఆ వాక్యం నాది కాదు. ఆ మాటకొస్తే ఆ పుస్తకంలో ఒక్క వాక్యం కూడా నాది కాదు. డెబ్బై అయిదేళ్ళు దాటాక కూడా నా నోటికి ఆ "ఊఁ" తప్ప మరేమీ రాలేదు కాబట్టి, నోటితో కానిది చేత్తోనైనా చేద్దామని కాగితం తీసుకున్నాను.

రాసింది మా చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు. బాబాయి రైల్వేలో గార్డు, కాజీపేటలో క్వార్టరు. ఆ రోజుల్లో ఇంకా బొగ్గు ఇంజన్లు తిరిగేవి. వాకిట్లో ఆరేసిన బట్టల మీద, ఎండబెట్టిన వడియాల మీద, ఆఖరికి పెరుగు మీద కూడా సన్నటి నల్లటి నుసి పడేది. బాబాయి డ్యూటీకి పోతే రెండు రోజులకు గాని తిరిగొచ్చేవాడు కాదు. పిల్లల్లేరు. ఆ తీరికలో చిన్నమ్మ ప్రైవేటుగా పరీక్షలు కట్టి, బీఏ, ఆ తర్వాత చరిత్రలో ఎమ్మే కూడా పాసైంది. ఇంత చదివిన మనిషి పొయ్యి ముందు పీట మీద కూర్చుని చదివేది. చేత్తో చేపలకు ఉప్పు రాస్తూ, ఎడమచేతి చిటికెన వేలితో పేజీ తిప్పేది. ఆమె పుస్తకాలన్నిటికీ కొద్దిగా చేపల వాసన వచ్చేది. "మీ చిన్నమ్మ చెప్పే చరిత్రల బండ్లన్ని టైముకే వస్తయిరా, మా కాజీపేటలనే రావు" అని బాబాయి నవ్వేవాడు.

డెబ్బైల నడుమ నాకు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్ ఉద్యోగం దొరికింది, టెంపరరీ. తెలుగు మీడియం క్లాసులు కొత్తగా వచ్చిన కాలం. నేను చదివిందంతా ఇంగ్లీషులో. నర్సంపేట వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు నా ముందు కూర్చుని, నేను చెప్పే పారిశ్రామిక విప్లవాన్ని వానకు తడుస్తున్న బర్రెల్లాగా ఓపికగా భరించేవాళ్ళు. ఒక్కరూ ఒక్క ప్రశ్నా వేసేవారు కాదు. నెల తిరగకుండానే ఉద్యోగం ఊడుతుందని భయం పట్టుకుంది. ఒక ఆదివారం చర్చి అయ్యాక చిన్నమ్మ ఇంటికి పోయి గోడు వెళ్ళబోసుకున్నాను. ఆమె చేతులు కడుక్కుని, ట్రంకుపెట్టెలోంచి గోధుమరంగు అట్ట వేసిన పొడుగు నోటుబుక్కులు మూడు తీసి నా ఒళ్ళో పెట్టింది. "నాకోసం రాసుకున్న, బిడ్డా. జర చూడు, పనికొస్తయేమో."

అలాంటి చరిత్ర నేను అంతకు ముందు చదవలేదు, తర్వాతా చదవలేదు. రష్యాలో భూమితో పాటు మనుషులను కూడా అమ్ముకునే కాలం పోయిన సంగతి చెబుతూ, దొరల గడీల్లో వెట్టి చేసిన మన తాతలను పక్కన నిలబెట్టింది. కాగితం మీద విడుదలైన ఆ రైతులు భూమి కోసం ఏళ్ళ తరబడి కిస్తులు కట్టుకున్నారని రాసింది. ఇంగ్లండు నూలు మిల్లుల్లో తెగిన దారం అతకడానికి యంత్రాల కింద దూరే పసిపిల్లల వేళ్ళ గురించి రాసింది. ఓటు కావాలని లక్షల మంది కూలీలు సంతకాలు పెట్టి పార్లమెంటుకు మోసుకుపోతే, అది వెనక్కి తిరిగొచ్చిన వైనం రాసింది. చివర్లో ఆడవాళ్ళ మీద ఒక అధ్యాయం ఉండేది. పెళ్ళైన ఆడది తన కష్టార్జితాన్ని తనదని చెప్పుకునే హక్కు కోసం ఎన్నేళ్ళు కొట్లాడిందో, పుస్తకం అచ్చులో చూసుకోవడానికి కొందరు ఆడవాళ్ళు మగపేర్లు ఎట్లా తగిలించుకున్నారో అందులో ఉంది.

నేను ఆ నోటుబుక్కులు చూసి పాఠం చెప్పాను. పిల్లలు కళ్ళెత్తి చూడటం మొదలుపెట్టారు, ప్రశ్నలు వేశారు. పక్క సెక్షన్ వాళ్ళు వచ్చి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. రెండేళ్ళకు వరంగల్ చౌరస్తాలో ప్రెస్సు నడిపే ఒకాయన ఇంటికొచ్చి, "మీ నోట్సుకు మస్తు గిరాకీ ఉన్నది సార్, అచ్చేద్దాం" అన్నాడు. చిన్నమ్మను అడిగాను. "పిల్లలకు పనికొస్తే అంతకన్న ఏం గావాలె, వెయ్యి బిడ్డా" అంది. ఎవరి పేరుతో అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ప్రెస్సులో అట్ట నమూనా ముందు పెట్టి "పేరు ఎట్ల రాయాలె సార్?" అన్నప్పుడు నేను నా పేరు, దాని పక్కన ఎమ్మే చెప్పాను. ముందుమాటలో ఆమె సంగతి రాద్దామనుకున్నాను. రాసేటప్పటికి ప్రిన్సిపాలుకు, ప్రెస్సు ఆయనకు, "కుటుంబ సభ్యులకు" కృతజ్ఞతలు చెప్పి ముగించాను. ఆడవాళ్ళ అధ్యాయం తీసేశాను. పరీక్షలో రాదని ప్రెస్సు ఆయనతో చెప్పాను. నిజానికి ఆ మగపేర్ల పేజీ ప్రూఫు దిద్దడం నావల్ల కాలేదు. పుస్తకం పుణ్యమా అని ఆ ఏడే నా ఉద్యోగం పర్మనెంటైంది.

ఎనభైల మొదట్లో ఊళ్ళో ఆడపిల్లల కాలేజీ ఒకటి కొత్తగా పెడుతూ చరిత్ర చెప్పేవాళ్ళు కావాలన్నారు. చిన్నమ్మకు అప్పుడు నలభై అయిదేళ్ళు. జీవితంలో మొదటిసారి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకు నా స్కూటర్ మీద నేనే తీసుకుపోయాను. ఇస్త్రీ చేసిన తెల్ల వాయిల్ చీర, చేతిలో చాక్‌పీసు. నేను బయట వసారాలో నిలబడితే లోపలిదంతా కనిపిస్తోంది. మిల్లు పిల్లల పాఠం చెప్పింది. నోట్సు చూడలేదు, గొంతు తడబడలేదు. అయిదు నిమిషాలు కాకుండానే, సబ్జెక్టు ఎక్స్‌పర్టుగా వచ్చిన పెద్దమనిషి చెయ్యెత్తి ఆపాడు. "అమ్మా, ఇది మార్కెట్లో దొరికే పుస్తకం. అక్షరం పొల్లు పోకుండా బట్టీ పట్టినవ్. మాకు సొంతంగ ఆలోచించేటోళ్ళు కావాలె" అన్నాడు. అంతలో ఆయన కళ్ళు నా మీద పడ్డాయి. "అరె, రచయితగారు ఇక్కడనే ఉన్నరు! చూసిండ్రా సార్, మీ పుస్తకాన్ని ఎట్ల అప్పజెప్పుతాందో!" అని నవ్వాడు. గదిలో అందరూ నవ్వారు.

చిన్నమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను నోరు తెరుస్తానేమోనని కాసేపు ఎదురుచూసింది, అంతే. నేను రుమాలు తీసి మొహం తుడుచుకున్నాను. ఆమె చాక్‌పీసు బల్ల మీద పెట్టి, ఆ పెద్దమనిషితో, "అవునండి, మా అక్క కొడుకే. బాగ రాసిండు" అని చెప్పి బయటికి వచ్చేసింది.

ఆమెను స్కూటర్ ఎక్కించుకుని తిరిగి బయలుదేరాను. ఫాతిమానగర్ దాటాక వెనక నుంచి మెల్లగా అడిగింది. "ఆడోళ్ళ పాఠం ఎందుకు తీసేసినవ్ బిడ్డా?" హారన్లు మోగుతున్నాయి, వినపడనట్టు బండి నడిపాను. రెండోసారి అడగలేదు. ఇంటికి పోయాక నాకు అన్నం పెట్టింది. నేను తిన్నాను కూడా. ఇది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరుసటేడు బాబాయికి మహారాష్ట్రలోని బల్లార్షాకు బదిలీ అయింది. నిజం అచ్చు వేయిస్తానని చెప్పడానికి స్టేషనుకు పోయాను. సామాను ఎక్కించడం, కూజాలో నీళ్ళు పట్టి ఇవ్వడంతోనే బండి కదిలింది. ఉత్తరం రాద్దామనుకున్నాను. రెండో అచ్చులో ఆమె పేరు వేద్దామనుకున్నాను. సిలబస్ మారింది, రెండో అచ్చే రాలేదు. ఎనభైల చివర్లో ఆమె అక్కడే జబ్బుచేసి పోయింది. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మా చిన్నమ్మ చేపల పులుసు చాలా బాగా వండేదని చెప్పి కూర్చున్నాను. కూడిక అయ్యాక అక్కడి రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళు కొందరు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆమె వాళ్ళకు మధ్యాహ్నాలు చదువు చెప్పేదట, ఇద్దరు డిగ్రీ పాసయ్యారట. "పుస్తకం రాసిన అక్క కొడుకు మీరేనా సార్? మీ గురించి ఎంత గొప్పగ చెప్పేదో!" అన్నారు.

నా సర్వీసంతా ఒక శతాబ్దంలో పడమటి దేశాలు ఎట్లా మారిపోయాయో గంట కొట్టేలోపు చెప్పి ముగించేవాణ్ణి. అది మా చిన్నమ్మ రాసిందని చెప్పడానికి మాత్రం నాకు నలభై ఏళ్ళకు పైనే పట్టింది, వినవలసిన మనిషి అన్నాళ్ళు ఆగలేదు.