ఉత్త గిన్నెలు అరవై మూడు

ముందు పోయినవి రాస్తాను. ఒక కంచు గిన్నె మూత. రెండు ఇత్తడి గరిటెలు. గిన్నెల అడుగున నేను అతికించిన అంకెల చీటీల్లో పందొమ్మిది. ఒక రాతి చట్టి అంచున గోరంత పెచ్చు. చంద్రగిరిలో మా అక్క ఇంటి అరుగు మీదికి సాయంత్రాలు వచ్చి కూర్చునే ఆడవాళ్ళు ఆరుగురు. ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో నాకు తెలియదు. పదో తరగతి తర్వాత లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మూతనూ మనిషినీ ఒకే వరుసలో వేసి కూడే పద్ధతి మాత్రం నేర్చుకోలేదు.

తిరుపతిలో నాకు పైపుల దుకాణం ఉంది. ఒక సేవా క్లబ్బులో సభ్యుణ్ణి. మా క్లబ్బు, ఊళ్ళోదే ఇంకో క్లబ్బు, చిత్తూరు క్లబ్బు ఏడాది పొడవునా కంటి శిబిరాలు, రక్తదానాలు ఎవరికి వాళ్ళు చేసుకుంటాయి. ఏడాదికొక సాయంత్రం మాత్రం మూడూ కుటుంబాలతో కలుస్తాయి. ప్రతిసారీ దానికొక థీమ్ ఉండాలి. ఆ ఏడాది ఏర్పాట్ల కమిటీలో నన్ను వేశారు. మనుషులకు తగ్గట్టు కుర్చీలు, ఆకులు, నీళ్ళ సీసాలు తేల్చేది ఎప్పుడూ నేనే కాబట్టి.

చిత్తూరు అధ్యక్షుడు, "హవాయి పెడదామబ్బా. పూల చొక్కాలు, కొబ్బరిబోండాలు, మెడలో దండలు," అన్నాడు.

మా కార్యదర్శి ఊరుకోలేదు. "సముద్రం యాడుండాదప్పా మనకు? మీ నీవా నదిలో పెడతావా? ఆడ నీళ్ళు కూడా లేవు గదా!"

అందరూ నవ్వుతుండగా నేను, "అవ్వ వంటిల్లు అని పెడదాం," అన్నాను. సంగటి, ఊరిబిండి, పచ్చిపులుసు లాంటివి ఏడు రకాలు. ఏ వంటకం ఏ పాత్రలో ఉండాలో ఆ పాత పాత్రలోనే పెట్టి వడ్డించాలి. వచ్చేవాళ్ళు రెండువందల పదహారు మంది. ఇరవైనాలుగు మందికొక బల్ల చొప్పున తొమ్మిది బల్లలు. బల్లకు ఏడు చొప్పున అరవై మూడు గిన్నెలు. అక్కడికక్కడే చెప్పేశాను. అద్దెకు దొరికే స్టీలు గిన్నెలతో ఆ పని కాదు. గిన్నెలు ఇళ్ళనుంచే రావాలి.

ఇళ్ళనగానే నాకు మా అక్క వీధి గుర్తొచ్చింది. నేను చెప్పగానే అక్క ఆ వీధిలో నేరుగా చివరింటి అవ్వ దగ్గరికి వెళ్ళింది. ఆ అవ్వ ఇస్తే అందరూ ఇస్తారు.

"నా తమ్ముడికి లెక్కంటే ప్రాణమవ్వా. ఒక్కటి కూడా పోదు," అంది అక్క.

"పోయేదాన్ని గురించి గాదులేమ్మా. నువ్వు అడిగినావు, ఇస్తాండా," అంది అవ్వ. ఆమె పదకొండు ఇచ్చింది. మిగతా ఇరవై ఇళ్ళనుంచి యాభై రెండు వచ్చాయి.

సాయంత్రం బాగా జరిగిందని అందరూ అన్నారు. నేను సరిగా చూడలేదు. చేతిలో కాగితం పట్టుకుని బల్లబల్లకూ తిరుగుతూ గిన్నెలు లెక్కపెడుతూనే ఉన్నాను. నా ఆకులో సంగటి ముద్ద చల్లారి బిగుసుకుపోయింది. తోమే ఆడవాళ్ళు చింతపండుతో గట్టిగా రుద్దేసరికి చీటీలు ఊడిపోవడం మొదలైంది. కంచు మూత అప్పుడే ఎక్కడో పోయింది.

మర్నాడు అక్క కూతురి కాన్పుకని నాయుడుపేట బయల్దేరింది. బస్సెక్కుతూ ఫోన్ చేసింది.

"నాలుగు రోజుల్లో వచ్చేస్తా. ఇద్దరం కలిసి ఇచ్చొద్దాం. అంతదాకా గిన్నెలు కదిలించొద్దురా."

గిన్నెలు మా హాలంతా పరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య నుంచి ఒంటికాలి మీద నడవాలి. దుకాణంలో కూర్చుంటే, వెనక తలుపు గడియ వేశానా లేదా అని అనుమానం. ఇంటికొచ్చి లెక్కపెడితే అరవై మూడు. టీ తాగి మళ్ళీ లెక్కపెడితే అరవై రెండు. మూడోసారి అరవై మూడు. చీటీలు లేని పందొమ్మిదీ ఎవరివో, వాటి మీద చెక్కిన పేర్లనూ సొట్టలనూ, తెచ్చిన రోజు తీసుకున్న ఫోటోలతో పోల్చి తేల్చాను. ఇక రెండో రోజు ఆగలేకపోయాను. టెంపో మాట్లాడి, ఇంటింటికీ తిరిగి, ఇచ్చిన ప్రతి గిన్నెకూ సంతకం తీసుకుని మధ్యాహ్నానికల్లా ముగించాను.

ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు ముందు గిన్నె లోపలికి చూశారు, తర్వాత నన్ను చూశారు. మురికేమైనా ఉందేమోనని చూస్తున్నారనుకున్నాను.

"బాగా తోమించినాను, సూడండి," అన్నాను.

"బాగానే తోమినావప్పా. ఏమీ మిగల్చలేదు," అని ఒకావిడ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ వీధిలో ఎరువు తెచ్చుకున్న గిన్నెను ఉత్తగా తిరిగివ్వరు. గుప్పెడు బియ్యమో, బెల్లం ముక్కో, పెరట్లో కాసిన నాలుగు మునక్కాయలో వేసి ఇస్తారు. నాకు తెలియనిదేమీ కాదు. చిన్నప్పుడు మా అమ్మ పంపితే అలాంటి గిన్నెలు ఎన్నో మోశాను. కానీ అది నా కాగితంలో లేదు. ఇంటి గుర్తు, గిన్నె రకం, సొట్ట, సంతకం అన్నిటికీ గడులు గీశాను. లోపల ఏముండాలన్నదానికి గడి గీయలేదు.

అక్క నాయుడుపేట నుంచి వచ్చిన సాయంత్రం అరుగు కడిగి చాప వేసింది. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. కుళాయి దగ్గర పక్కింటావిడ, "మీ తమ్ముడు లెక్క బాగా సూసుకున్నాడులేమ్మా," అందట.

నేను వెళ్ళేసరికి అక్క ఒక్కతే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"అరవై మూడు కొంపల ముందర నా తల తీసేసినావు గదరా," అంది.

"కొంపలు ఇరవై ఒకటే అక్కా."

"నోరు ముయ్. నన్ను సూసి ఇచ్చినారు వాళ్ళు. ఇప్పుడు నేనెవరి మొగం సూడాల?"

అంతే. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. నాకు ఒకచోట నిలవబుద్ధి కాలేదు. ఇరవై ఒక్క పొట్లాలు బెల్లం కట్టించి తెస్తానన్నాను.

"గిన్నె ఇంటికి చేరిపోయినాక బెల్లం యాడ పోస్తావు, వాళ్ళ నెత్తినా? మళ్ళీ పోయి అడుగు. తెచ్చుకో, వాడుకో. అప్పుడు నిండుగా ఇయ్యి."

"ఇంటికొకటి సాలునా, గిన్నె గిన్నెకా?"

"గిన్నె గిన్నెకేరా. నువ్వు ఉత్తగా ఇచ్చింది గిన్నెలు గదా."

అలా మొదలైంది. ప్రతి ఆదివారం పొద్దున్నే చంద్రగిరి బస్సెక్కుతాను. గిన్నె కావాలంటే, "ఏం వండుతావు?" అని అడుగుతారు. అబద్ధం చెప్పలేక నిజంగానే వండటం నేర్చుకున్నాను. రాతి చట్టిలో పులుసు దించాక కూడా ఉడుకుతూనే ఉంటుందని మొదటి రెండుసార్లూ తెలియక అడుగంటించాను.

"క్లబ్బులు నడిపిన మనిషి, ఇప్పుడు పొయ్యి నడుపుతాండాడు," అని మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది.

మరుసటి వారం గిన్నెలో శనక్కాయలో, కొత్త బియ్యమో, మా మేనత్త గూడూరు నుంచి పంపిన నిమ్మకాయలో పోసి ఇచ్చి వస్తాను. పద్నాలుగు నెలలు పట్టింది. యాభై రెండు గిన్నెలు నిండుగా చేరాయి. అక్క అరుగు మీదికి ముందు ఇద్దరు వచ్చారు, తర్వాత నలుగురు. ఇప్పుడు ఐదుగురు.

రావలసిన ఆరో మనిషి ఆ చివరింటి అవ్వ. పోయిన కంచు మూత ఆమెదే కాబట్టి దానికి కోపమనుకుని, కంచరి దగ్గర అదే కొలతకు చేయించి తీసుకుపోయాను. ఆమె దాన్ని గిన్నె మీద పెట్టి చూసి, నా చేతికే ఇచ్చేసింది.

"మూతదేముందబ్బా. అది జారి పోయింది. ఉత్త గిన్నెలిచ్చింది మాత్రం నువ్వు సేతులారా సేసినావు."

"ఒక్క గిన్నె ఇయ్యవ్వా. వచ్చే ఆదివారం తెచ్చిస్తా."

"ఇస్తే తెస్తావు, నింపే తెస్తావు. నీ లెక్క తీరిపోతాది. తీర్చుకోని పోవాలనే గదా వచ్చేది? కూసో. మజ్జిగ తాగు."

కూర్చున్నాను. మజ్జిగ తాగాను. వచ్చేటప్పుడు నా చేతుల్లో మూత తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఆరు ఆదివారాలు వెళ్ళాను. ఆరుసార్లూ మజ్జిగే ఇచ్చింది. అక్క అరుగు మీద ఆమె కూర్చునే మూల ఖాళీగానే ఉంది. మిగతా ఐదుగురూ ఆ మూలకు జరగరు.

ఈ ఏడాది థీమ్ ఏం పెడదామని మొన్న మా కార్యదర్శి ఫోన్ చేశాడు. నాకు పాతదే ఇంకా ముగియలేదన్నాను. జోకనుకుని నవ్వాడు. కాగితం బనీను జేబులోనే ఉంది, మడతల దగ్గర చిరుగుతోంది. ఈ ఆదివారం దాకా నిండుగా చేరినవి యాభై రెండు. ఇంకా చేరవలసినవి పదకొండు.