చీర చుట్టలో ఉత్తరం

ఈ రోజు పొద్దున నా కూతురిని బడికి పోవద్దన్నాను. యూనిఫాం వేసుకుని, గడప మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్న పిల్ల తలెత్తి చూసింది. "ఎందుకు మా?" అంది. ఎందుకో దానికీ తెలుసు. పదో తరగతి, ఇంకో నెలలో పరీక్షలు.

నిన్న సాయంత్రం మా పక్కింటామె నన్ను గేటు దగ్గరే ఆపి, ఫోను ముఖం ముందు పెట్టింది. "ఇది మీ పాపే కదా?" అంది. బడి పిల్లలంతా హిందూపురం నుంచి పెనుకొండ కోటకు పోయినప్పుడు ఎవరో తీసిన వీడియో. నా కూతురూ, దాని తరగతి పిల్లవాడూ మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, ఒకే పొట్లంలోంచి బొరుగులు తింటూ నవ్వుతున్నారు. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఎవరో పుణ్యాత్ములు దానికి ప్రేమపాట తగిలించి, రెండు ఎర్ర గుండెలు అతికించి ఊరి మీదికి వదిలారు. చూసినవాళ్ల అంకె నా కళ్ల ముందే మారిపోతోంది. పిల్ల నాయన ఇంకా చూడలేదు.

పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. బడికి మాత్రం వద్దన్నాను. అన్నాక గుర్తొచ్చింది, సరిగ్గా ఇదే మాట పాతికేళ్ల కిందట ధర్మవరంలో మా నాయన అక్కతో అన్నాడు.

అక్క అప్పుడు తొమ్మిదో తరగతి. సైకిలు షాపులో ఒకడితో మాట్లాడుతుంటే చూశామని ఎవరో చెప్పారు. సైకిలుకు గాలి కొట్టించుకునే పిల్ల మాట్లాడక మూగసైగలు చేస్తుందా? అలా అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. మరుసటి రోజు నుంచి అక్క మగ్గం దగ్గర కూర్చుంది. నాయన పట్టుచీర నేస్తుంటే, అవతలి అంచు దగ్గర కూర్చుని, అడ్డపోగు తీసుకుపోయే నాడెను అందించేది.

రెండేళ్లకు నేను పదో తరగతికి వచ్చాను. ఇప్పటి పిల్లలు ఆడామగా ఒకే బెంచీ చుట్టూ చేరి ఒకరినొకరు ఒరేయ్ అనుకుంటారు. మేము రిబ్బన్లతో మడిచి కట్టిన రెండు జడలతో తల దించుకుని పోయి, తల దించుకుని వచ్చేవాళ్లం. అట్లని తక్కువ తిన్నవాళ్లమేమీ కాదు. స్లామ్ బుక్కులో ఇష్టమైన హీరో పేరు రాసి, దాన్ని లెక్కల పుస్తకం అట్ట కింద దాచేవాళ్లం.

మమ్మల్నీ పెనుకొండ కోటకే తీసుకుపోయారు. మగపిల్లల బడి కూడా అదే రోజు వచ్చింది. ఇంటికొచ్చి టిఫిను సంచి తెరిస్తే నాలుగు మడతల కాగితం కనిపించింది. నాలుగే వరుసలు. జడలో కనకాంబరాలు బాగున్నాయని, జవాబు రాయమని. ఎవరికని లేదు, ఎవరు రాశారని లేదు. ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. సంతోషం ఒక్క నిమిషం, ఆ తర్వాత అంతా భయమే.

మరుసటి రోజు ఆ కాగితాన్ని పుస్తకంలో పెట్టుకుని చూస్తుండగా నాయన కేకేశాడు. "పాపా, పేపర్ తే!"

నేసినకొద్దీ చీరను ముందున్న కర్రకు చుడతారు. జరీకి జరీ రాసుకోకుండా మడత మడతకూ పాత న్యూస్ పేపర్ పెట్టాలి. ఆ పని నాది. నాయన పక్కకు తిరిగేసరికి ఉత్తరం ఇంకా నా చేతిలోనే ఉంది. గబుక్కున రెండు పేపర్ల మధ్యకు తోసేశాను. ఆయన కర్ర తిప్పాడు. చీరతో పాటు ఉత్తరమూ చుట్టుకుపోయింది.

హమ్మయ్య అనుకున్నాను. అంతలోనే తెలివి వచ్చింది. చీర పూర్తయి కోసేదాకా ఆ చుట్ట విప్పరు. విప్పిన రోజు ఒక్కో పేపరూ తీసి పక్కన పెడతారు. ఆ రోజుతో నా చదువు సరి.

ఆ పైన రోజూ బడి నుంచి రాగానే చుట్ట ఎంత లావైందో చూసుకునేదాన్ని. పుస్తకం పట్టుకుంటే అక్షరం తలకెక్కేది కాదు.

లెక్కల పరీక్షకు ముందు రోజు మా వీధిలో అన్ని మగ్గాలూ ఆడుతున్నాయి, మాది తప్ప. లోపలికి పోయాను. నేల మీద పేపర్లు, నాయన చేతిలో ఆ కాగితం.

"ఎవరిది ఇది?" అన్నాడు.

"నాదే నాయనా," అంది అక్క.

నాయన కొట్టాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి చూశాను. నాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. రెండు నెలల్లో తలుపుల అనే ఊళ్లో సేద్యం చేసుకునే ఇంటికిచ్చి అక్క పెళ్లి చేశారు. పెళ్లి ముందు రోజు, అంట్లు తోమే జాలాడి దగ్గర అడిగాను, ఎందుకట్ల చెప్పినావని.

"నీకు పరీచ్చలుండాయి. నాకేముండాది మే?" అంది, గిన్నె తోముతూనే.

నేను పాసయ్యాను. డిగ్రీ చేసి, హిందూపురంలో ఉద్యోగం చేస్తున్నాను. అక్క ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, సిగ్గుతో.

ఈ రోజు మనసాగక అక్కకు ఫోన్ చేశాను. నేను మొదలుపెట్టకముందే, "చూసినాలే మే. మా కోడలు చూపించింది. పాప బలే నవ్వుతాంది," అంది. అంటే వీడియో తలుపుల దాకా చేరిపోయింది.

"పాప బడికి పోయిండాదా?" అని అడిగింది అక్క.

గడప వైపు చూశాను. పిల్ల ఇంకా బూట్లు విప్పలేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుని ఉంది.

"పోతాంది అక్కా," అన్నాను.

స్కూటీ తాళం తీసుకుని బయటికి వచ్చాను. పిల్ల బ్యాగు భుజాన వేసుకుని వెంట వచ్చింది.

"ఆడ అందరూ నన్నే చూస్తారు మా. నాకు భయంగా ఉండాది," అంది.

"నాకూ భయమే. ఎక్కు," అన్నాను.