షడ్డకుడి నోట్సు

నాలుగు కాలేజీలు ఒకే వీధిలో ఉండడం వల్ల ఆ వీధిలో చేతిలో పుస్తకం లేని మనిషి కనపడడం అరుదు. సైన్సు కాలేజీ, దానికి ఎదురుగా ఇంజనీరింగు, మలుపులో లా, అది దాటాక టీచర్ ట్రైనింగు. ఈ నాలుగింటి విద్యార్థులూ ఏదో ఒక పూట వచ్చి నిలబడే చోటు ఒకటుంది. ఎనిమిదడుగుల వెడల్పు గది, రెండు జిరాక్సు మిషన్లు, గోడ నిండా అరలు, వాటి ముందు బల్ల. బల్ల వెనక నోట్సు మాస్టారు.

ఆయన ఏనాడూ ఏ క్లాసులోనూ పాఠం చెప్పినవాడు కాదు. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో పక్కగది స్నేహితుడికి కామెర్లు వస్తే, వాడికోసం రసాయనశాస్త్రం మొత్తాన్నీ ముప్పై పేజీల్లోకి కుదించి రాసిచ్చాడు. స్నేహితుడు ఫస్టు క్లాసులో పాసయ్యాడు. రాసిచ్చినాయన లెక్కల్లో తప్పి, మళ్ళీ పరీక్షకి కట్టనేలేదు. కానీ ఆ ముప్పై పేజీలూ చేతులు మారుతూ పోయి, ఏడాది తిరిగేసరికి ముక్కూమొహం తెలియని పిల్లలు ఆయన్ని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళు ఆయన చేసిన పని అదొక్కటే. కప్ప గుండె నుంచి కాంట్రాక్టు చట్టం దాకా, యంత్రాల వేడి లెక్కల నుంచి పిల్లల మనస్తత్వం దాకా ఆయన నోట్సు రాయని సబ్జెక్టు ఆ వీధిలో లేదు. ఐదారు పుస్తకాలు ముందేసుకుని, పాత ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకుని రాసేవాడు. అనుమానం వస్తే రిటైరైన లెక్చరర్ల ఇంటికెళ్ళి, గుమ్మంలో నిలబడే తీర్చుకుని వచ్చేవాడు. అర్థం కాని చోట అర్థమైనట్టు రాయడం ఆయనకి చేతకాదు. ఆయన నోట్సులో తప్పు దొరికిందని ఎవరూ ఏనాడూ అనలేదు. ఆ మాట ఆయన పైకి అనేవాడు కాదు గానీ, లోపల రోజుకి నాలుగుసార్లు అనుకునేవాడు.

భార్య కొట్లోనే స్పైరల్ బైండింగు చేసేది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే.

ఆవిడ చెల్లెలి భర్తకి ఆ ఊరు బదిలీ అయింది. సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం. కొట్టుని ఆనుకునే ఉన్న మాస్టారి ఇంటి మీద వాటా ఖాళీగా ఉంటే వాళ్ళు అందులోనే దిగారు. షడ్డకుడు సన్నగా, నెమ్మదిగా, ఎప్పుడూ ఏదో కొత్తగా చూస్తున్నట్టు ఉండే మనిషి. వచ్చిన వారానికి ఆఫీసయ్యాక కొట్టుకొచ్చి, జంతుశాస్త్రం నోట్సు తిరగేసి, “అన్నయ్యా, ఈ బొమ్మ నేను గీసిపెట్టనా?” అని అడిగాడు.

మాస్టారు సరేనన్నాడు. బొమ్మలు గీయడం తనకి రాదని ఆయనకీ తెలుసు. షడ్డకుడు గీసిన చెవి లోపలి బొమ్మ చూసి ఆడపిల్లలు ఇద్దరు బల్ల దగ్గరే నిలబడిపోయారు. అప్పటికి మాస్టారికి సంతోషమే. మనవాడే కదా అనుకున్నాడు.

బొమ్మల తర్వాత షడ్డకుడు అధ్యాయాలు రాయడం మొదలుపెట్టాడు. లా వాళ్ళ కాంట్రాక్టు పాఠాన్ని, ఒకాయన పక్కింటాయనకి సైకిలు అరువిచ్చి పడ్డ పాట్లుగా రాశాడు. సైకిలుకి పంక్చరైతే బాధ్యత ఎవరిది, పోతే ఎవరిది, పక్కింటాయన దాన్ని ఇంకొకరికిస్తే ఏమవుతుంది, అలా పన్నెండు పేజీలు. మాస్టారి నోట్సులో అదే పాఠం నలభై పేజీలు. ఒక్క ముక్క వదిలేది లేదు, ఒక్కచోట నవ్వేది లేదు. నెల తిరక్కుండానే పిల్లలు బల్ల దగ్గరికొచ్చి, “చిన్న మాస్టారి నోట్సు ఉందాండీ?” అని అడగసాగారు.

చిన్న మాస్టారు! ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మాస్టారికి చెవిలో చీమ దూరినట్టయింది.

ఆయన షడ్డకుడి నోట్సుని కింది అరలోకి మార్చాడు. పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని మరీ తీసుకున్నారు. బైండింగు చేస్తున్న భార్య తలెత్తకుండానే, పాపం పిల్లలకి నడుములు పడిపోతున్నాయి, పైన పెట్టొచ్చుగా అంది. ఇంట్లోనూ ఇదే గోల. మా మరిది ఎంత ఒద్దికో, మా మరిది గీత ఎంత శుభ్రమో. ఆవిడకి అందులో దురుద్దేశం ఏమీ లేదు. చెల్లెలి కాపురం పచ్చగా ఉందన్న సంబరం, అంతే. మాస్టారికి మాత్రం ఒక్కొక్క మాటా పుండు మీద కారం చల్లినట్టుండేది.

ఎవరూ లేనప్పుడు తనూ అలా రాయాలని కూర్చున్నాడు. భూమి ఆకర్షణ మీద ఒక కథ మొదలుపెడితే, రెండో పేరాకే అది మళ్ళీ నిర్వచనమై కూర్చుంది. కప్ప గుండె గీసి ఒక పుస్తకం అట్టకింద దాచాడు. భార్యకి అది దొరికితే, ఈ బంగాళాదుంప దేనికని అడిగింది. ఆయన ఆ కాగితం చింపేశాడు.

ఒళ్ళు మండేది దేనికంటే, షడ్డకుడికి ఇవేవీ పట్టకపోవడం. తనెంత గొప్పగా రాస్తున్నాడో వాడికి తెలిసినట్టే ఉండేది కాదు. రాసిన ప్రతిదీ తెచ్చి మాస్టారి చేతిలో పెట్టేవాడు. “మీ కన్ను పడితేగానీ నాకు ధైర్యం ఉండదన్నయ్యా. చూసి మిషను ఎక్కించండి.” మాస్టారు చూసేవాడు. తప్పు దొరుకుతుందేమోనన్న ఆశతోనే చూసేవాడు. దొరికేది కాదు.

ఒకసారి దొరికింది.

టీచర్ ట్రైనింగు వాళ్ళకి పరీక్ష పాఠాలు దగ్గరపడ్డాయి. నిజం స్కూలుకెళ్ళి, నిజం పిల్లల ముందు, వెనక బెంచీలో పర్యవేక్షకుడు కూర్చుని మార్కులు వేస్తుండగా పాఠం చెప్పాలి. వాళ్ళకోసం షడ్డకుడు భౌతికశాస్త్రం నోట్సు రాశాడు. అదే వారంలో ఆఫీసులో తనిఖీ ఉండడంతో రెండు సాయంత్రాల్లో హడావుడిగా ముగించి ఇచ్చాడు. తొమ్మిదో పేజీలో లెన్సు సూత్రం ఉంది. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ పడింది. అది అద్దాలకి వాడే సూత్రం, లెన్సుకి పనికిరాదు.

మాస్టారు ఎర్రకలం మూత తీశాడు. కాసేపు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు చూసుకోరా అనుకున్నాడు. వాళ్ళ పాఠ్యపుస్తకంలో ఉండదా అనుకున్నాడు. నేను చూడకపోయి ఉంటే ఏమయ్యేది అనుకున్నాడు. తర్వాత కలం మూత పెట్టేసి, తనే లేచి వెళ్ళి అరవై కాపీలు తీశాడు. ఆ మధ్యాహ్నం అన్నం బాగా సహించింది కూడా.

ఆ అరవైలో ఒకటి టికెట్టమ్మ తీసుకుంది. ఆమె పదకొండేళ్ళు బస్‌స్టాండు కిటికీలో టికెట్లిచ్చి, ఆ ఉద్యోగం వదిలి, ముప్పై ఆరో ఏట టీచరు చదువుకొచ్చిన మనిషి. తోటి విద్యార్థులు సరదాగా పెట్టిన పేరును తనే అందరికీ చెప్పుకునేది. మాస్టారిని బాబాయ్ అని పిలిచేది. ఆమెకి పడ్డ పరీక్ష పాఠం లెన్సులు.

ఆమె ఎంతో శ్రద్ధగా సిద్ధమై వెళ్ళింది. ఒక లెన్సు, కొవ్వొత్తి, అట్టతో చేసిన తెర, బల్లమీద అతికించిన కొలత టేపు. బోర్డు మీద సూత్రం రాసి లెక్క చేసింది. లెన్సు నాభ్యంతరం ఇరవై సెంటీమీటర్లు, కొవ్వొత్తి ముప్పై దూరంలో ఉంది కాబట్టి, బింబం పన్నెండు దగ్గర పడుతుందని పిల్లలకి ధీమాగా చెప్పింది. కిటికీలు మూయించి తెరని పన్నెండు దగ్గర పెట్టింది. తెర మీద మసక వెలుగు తప్ప ఏమీ లేదు. అటు జరిపింది, ఇటు జరిపింది. ముందు బెంచీలోని ఒక పిల్ల లేచొచ్చి, అడక్కుండానే తెరని వెనక్కి లాక్కుంటూ పోయింది. అరవై దగ్గర కొవ్వొత్తి మంట తలకిందులుగా, స్పష్టంగా నిలబడింది. క్లాసు గొల్లుమంది. బోర్డు మీద పన్నెండు అలాగే ఉంది. పర్యవేక్షకుడు ఏదో రాసుకుని పుస్తకం మూసేశాడు. విషయ పరిజ్ఞానం చాలదని ఆమెని తప్పించారు.

మర్నాడు సాయంత్రం ఆమె కొట్టుకొచ్చేసరికి షడ్డకుడు కూడా అక్కడే ఉన్నాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. నోట్సు తెరిచి తొమ్మిదో పేజీ బల్లమీద పెట్టి, జరిగింది మొత్తం చెప్పింది.

“నేనూ పుస్తకం చూసుకోవాల్సింది బాబాయ్, నా తప్పూ ఉంది,” అంది. “కానీ మీ కొట్లోంచి వచ్చింది కదా అని చూడలేదు.”

షడ్డకుడు ఆ పేజీని చూశాడు. ఆ తర్వాత మాస్టారి వైపు చూశాడు. చూపు ఒక్క క్షణం అక్కడే ఆగింది. వాడికి అంతా అర్థమైపోయిందని మాస్టారికి తెలిసింది.

“తప్పు నాదేనమ్మా,” అన్నాడు షడ్డకుడు. “అన్నయ్యకి చూపించకుండా తొందరపడి మిషను ఎక్కించేశాను. ఆయన చూసుంటే ఇలా అయ్యేది కాదు.”

మాస్టారికి హమ్మయ్య అనిపించాల్సింది. అనిపించలేదు. ఇంతకాలం గీతలో, రాతలో, పిల్లల అభిమానంలో తనని దాటిపోయిన మనిషి, ఇప్పుడు మంచితనంలో కూడా దాటిపోతున్నాడు. అందరి ముందూ, సునాయాసంగా. అదొక్కటి మాత్రం వాడికి వదలడం ఆయన వల్ల కాలేదు. ఆయన నోరు తెరిచింది పశ్చాత్తాపంతోనో, ఆ కడుపుమంటతోనో ఆయనకే తెలియదు.

“అబద్ధం. నాకు చూపించాడు,” అన్నాడు. “నేను చూశాను. తప్పని తెలిసే దిద్దకుండా వదిలేశాను.”

బైండింగు మిషను చప్పుడు ఆగిపోయింది. టికెట్టమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది. టికెట్టు కిటికీలో కూర్చుని వేలమంది మొహాలు చూసిన మనిషి. ఆమెకి కారణం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నోట్సు బల్లమీదే వదిలేసి వెళ్ళిపోయింది.

షడ్డకుడు ఒక్కటే అడిగాడు. “నామీద కోపముంటే నన్ను అనచ్చు కదా అన్నయ్యా. ఆవిడేం చేసింది?”

మాస్టారు బల్లమీది నోట్సు ముందుకు లాక్కుని, ఎర్రకలం మూత తీసి ప్లస్‌ని మైనస్ చేశాడు.

మర్నాడు ఆయన ట్రైనింగు కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాలుకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ప్రిన్సిపాలు విని, పాఠం చెప్పేవాళ్ళే సూత్రం సరిచూసుకోవాలి, మార్కులు మార్చడం కుదరదన్నాడు. మళ్ళీ పాఠం చెప్పడానికి మూడు వారాల్లో ఒక తేదీ మాత్రం ఇచ్చాడు. అక్కడినుంచి మాస్టారు హాస్టళ్ళ మీద పడ్డాడు. ఒక్కొక్క గది తలుపు తట్టి, ఏ ముఖం పెట్టుకుని అడుగుతున్నానని చూసుకోకుండా, తొమ్మిదో పేజీ తెరిపించి దిద్దాడు. అరవైలో యాభై మూడు దొరికాయి. కొందరు నవ్వారు. కొందరు, మీ నోట్సులో కూడా తప్పులుంటాయా మాస్టారూ అని అడిగారు.

ఇంట్లో భార్య పదిరోజులు ఆయనకి వడ్డించింది గానీ మాట్లాడలేదు. మాట్లాడిన రోజు, మా చెల్లెలికి నేనే ముఖం చూపించలేకపోతున్నానంది, అంతకుమించి ఏమీ అనలేదు. షడ్డకుడు వాటా ఖాళీ చేయలేదు. నోట్సు మాత్రం పైనుంచే ఇవ్వడం మొదలుపెట్టాడు. మెట్ల మీద పిల్లల అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా మాస్టారి ప్రాణం చివుక్కుమనేది. తప్పు ఒప్పుకుంటే అసూయ పోతుందని ఆయన అనుకున్నాడు. పోలేదు. ఎవరైనా చిన్న మాస్టారెక్కడని అడిగితే, మెట్లు చూపించడం మాత్రం అలవాటు చేసుకున్నాడు.

టికెట్టమ్మ రెండోసారి పాఠం చెప్పి పాసైంది. ఊరి చివర స్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు వచ్చి షడ్డకుడి రాతలు సరిచూసి పెడుతోందని భార్య ద్వారా తెలిసింది. ఇరవై ఆరేళ్ళుగా తనది అనుకున్న పని అది. మాస్టారు ఆ రోజు నుంచి ఆమె మీద కూడా అసూయపడసాగాడు.

ఏడాది గడిచాక ఒక ఆదివారం ఆమె మెట్లు దిగి నేరుగా కొట్లోకి వచ్చింది. చేతిలో నాలుగు కాగితాలు. విద్యుత్తు మీద షడ్డకుడు రాసిన పాఠం.

“ఇందులో ఒకచోట మాకిద్దరికీ పడటం లేదు,” అంది. బాబాయ్ అనలేదు. “మీరు చూడాలి.”

“వాడు చూపించమన్నాడా?”

“లేదు. నేనే తెచ్చాను.”

మాస్టారు కాగితాలు తీసుకుని మొదటినుంచీ చదివాడు. కరెంటు పారడాన్ని, వీధిలోని ఇళ్ళన్నీ ఒకే గొట్టంలోంచి నీళ్ళు పంచుకోవడంగా రాశాడు షడ్డకుడు. వాళ్ళిద్దరికీ పడని చోటుని మాస్టారు రెండుసార్లు చూశాడు. ఒక పాత పుస్తకం తీసి పోల్చాడు. షడ్డకుడు రాసిందే ఒప్పు. అంతకంటే తేలిగ్గా ఆ విషయం రాయడం తన వల్ల ఎప్పటికీ కాదు.

“వాడు రాసిందే కరెక్టు,” అన్నాడు. ఆమె చెయ్యి చాపింది గానీ ఆయన కాగితాలు ఇవ్వలేదు. బల్ల వెనకనుంచి లేచి, చెప్పులు వేసుకుని, తనే చెబుతానని మెట్లవైపు నడిచాడు.