మిగతా బండ్లను తెచ్చే బండి

ముందు మెట్ల మీద స్టీలు డబ్బా చప్పుడు వినిపిస్తుంది. లోపల కత్తెర, పట్టకారు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ పైకి ఎక్కుతాయి. ఆ తర్వాతే గుమ్మంలో పెద్దమ్మ కనిపిస్తుంది. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం ఆమె పని. ఊరి చివరి వీధుల్లో ఎంతోమంది ముసలివాళ్ళకు ఆ చప్పుడుతోనే తెల్లవారుతుంది.

ఈమధ్య ఆ వైపు వెళ్ళే బస్సు తీసేశారు. పెద్దమ్మ నడుస్తోంది. ఆమె చేరేసరికి చక్కెర జబ్బున్న ఒకాయన సూది కోసం కంచం ముందు పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటున్నాడు. ఇలాగే సాగితే ఆ వీధుల్ని వదులుకోవాలి. వదులుకోవడం ఆమెకు చేతకాదు. అందుకే ఈ వయసులో చెల్లెలి కొడుకు దగ్గర మోటారుసైకిల్ నేర్చుకుంది. నేర్పినన్నాళ్ళూ అతను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

అద్దెకు తిప్పిన బండ్లు అమ్ముతున్నారని తెలిసి ఇద్దరూ ఆ దుకాణానికి బయల్దేరారు.

"అద్దె బండి వద్దు పెద్దమ్మా," అన్నాడు దారిలో. "వందమంది నడిపి ఉంటారు. ఒక్కడూ తనదనుకుని ఉండడు."

"నా చేతికొచ్చేవన్నీ వాడేసిన ఒళ్ళేరా. చూద్దాం పద."

దుకాణం ముందు బండ్లు ఫొటోకు నిలబడ్డ చుట్టాల్లా వరసగా మెరుస్తున్నాయి. యజమాని ఒక్కో సీటు మీద చరిచాడు. "ఇది బంగారం. ఇదీ బంగారమేనమ్మా. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు."

"కళ్ళు మూసుకుని చేసే పని నాకు అలవాటు లేదు నాయనా. సూది ఎక్కడో దిగుతుంది."

చెల్లెలి కొడుకు ఒక ఎర్రబండి దగ్గర వంగి చైను చూశాడు, టైర్లు నొక్కాడు. మనసు పడ్డాడు. పెద్దమ్మ ఏ బండినీ ముట్టలేదు. నీడలో స్టూలు మీద కూర్చుని, రోగి గదిలో లాగే, మాట్లాడకుండా ఆ చోటు ఊపిరి వింటోంది.

అంతలో యజమాని ఫోన్ మోగింది. ఎవరో అద్దెకు తీసుకెళ్ళిన బండి దారిలో మొండికేసిందట. దుకాణం మెకానిక్ సామాను సంచీ భుజాన వేసుకుని, వరసలోని బంగారాన్నంతా దాటుకుంటూ వెళ్ళి, గోడ పక్కనున్న సొట్టల బండి ఎక్కాడు. దానికి ఒక అద్దం లేదు. రంగు ఎప్పుడో వాన తినేసింది. ఒక్క కిక్కుకే లేచి, వీధి మలుపులో గొంతు సన్నబడేదాకా తడబడకుండా వెళ్ళిపోయింది.

పెద్దమ్మ ఆ శబ్దం పోయిన వైపే చూస్తూ, "అదెవరి బండి?" అంది.

"మాదేనమ్మా. ఎక్కడ ఏ బండి ఆగినా దాన్నే పంపుతాం."

"అదెప్పుడైనా ఆగిందా?"

"అదాగితే ఇంకేముంది, దుకాణం మూసుకోవడమే," అని నవ్వాడు యజమాని.

"అయితే అదే ఇవ్వు."

నవ్వు సగంలో నిలిచిపోయింది. "అది అమ్మేది కాదమ్మా. అదిచ్చేస్తే మా గతేంటి?"

పెద్దమ్మ వరస వైపు చెయ్యి చూపింది. "ఇంత బంగారముంది కదా. ఒకటి నువ్వుంచుకో."

యజమాని ఆమెను చూశాడు, బండ్లను చూశాడు, మెడ గోక్కున్నాడు. తన మాటే తన కాలికి చుట్టుకుంది. పెద్దమ్మ నవ్వలేదు. గొంతు తగ్గించి, "ఒకాయనకు సూది పడితేగాని ముద్ద దిగదు నాయనా. నా బండి దారిలో ఆగకూడదు," అంది.

యజమాని చేతులెత్తేశాడు. "మీ రోగులు నా ప్రాణానికొచ్చారు. సరే, బండిని రానివ్వండి, ఆయిలు మార్పించి ఇస్తాను." తర్వాత తనలో తను గొణుక్కున్నాడు. "ఆ ఎర్రదాని ఇంజన్ రేపే విప్పించాలి."

చెల్లెలి కొడుకు ఎర్రబండి చైను మీంచి మెల్లగా చెయ్యి తీసేశాడు.

సొట్టల బండి, ఆగిపోయిన బండిని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఆయిలు మార్చాక చెల్లెలి కొడుకు అలవాటు కొద్దీ ముందు కూర్చోబోయాడు. అప్పటికే పెద్దమ్మ స్టీలు డబ్బా హ్యాండిల్‌కు తగిలించి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది.

"వెనక ఎక్కరా. సలహాలివ్వకు, బండి బెదురుతుంది."